డ్యూకులు నిజంగా ప్రేమించే పెళ్లి చేసుకున్నారా?

రాత్రిచదువు:
పిల్లలు పడుకున్నాక ఫోన్లో ఇంగ్లిష్ చారిత్రక రొమాన్సులు చదవడం నాకు అలవాటు. 1810ల లండన్, డ్యూకులు, ఎర్ల్‌లు అనే బిరుదుల ప్రభువులు, డాన్సులు. మొన్న మా అత్తగారు బీరకాయలు చెక్కు తీస్తూ "ఎప్పుడూ అదేం చదువుతావే?" అని అడిగితే కథ చెప్పాను. తల్లి పెళ్లీడు పిల్లని వెంటబెట్టుకుని పల్లెటూరి బంగళా నుంచి లండన్ వస్తుంది. ఇల్లు అద్దెకు తీసుకుంటుంది, గౌన్లు కుట్టిస్తుంది. రోజూ రాత్రి ఎవరింట్లోనో డాన్సు. అబ్బాయి ఎవరు, పెద్దకొడుకా చిన్నకొడుకా, ఏడాదికి ఎంతొస్తుంది అని పెద్దవాళ్లు గోడవార కూర్చుని వాకబు చేస్తుంటారు. అత్తగారు అంతా విని, "అయితే ఇవీ పెళ్లిచూపులే కదే. ఉప్మా బదులు డాన్సు పెట్టారు, అంతే" అన్నారు.

నవ్వొచ్చింది కానీ, అప్పట్నుంచి నవల మీద మనసు నిలవట్లేదు. చివరి పేజీకి అందరిదీ ప్రేమ పెళ్లే అవుతుంది. నిజంగా అలా జరిగేదా? లేక బేరానికి పూలు చుట్టి మనకి అమ్ముతున్నారా?

రిటైర్డ్ మేష్టారు:
అమ్మా, సూటిగా చెప్తాను. అమ్ముతున్నారు. ఆ రోజుల్లో మొత్తం బ్రిటన్‌లో డ్యూకులు ఓ ముప్ఫై మంది. అందులో పెళ్లయినవాళ్లని, ముసలివాళ్లని, పసివాళ్లని తీసేస్తే మిగిలేది వేళ్ల మీద లెక్క. నవలల్లో మాత్రం ముప్ఫై ఏళ్ల అందగాడైన డ్యూకు వీధికొకడు. అసలు పెళ్లిసంతలో తిరిగేది రెండో కొడుకులు, మూడో కొడుకులు. ఎస్టేటంతా పెద్దవాడికి పోతుంది కాబట్టి వీళ్లకి సైన్యమో, చర్చో, ఆస్తి ఉన్న పిల్లో కావాలి. మన విజయనగరం, బొబ్బిలి జమీందారీల్లోనూ ఎస్టేటు పంచకుండా ఒక్కడికే ఇవ్వడం ఉండేది, 1904లో మద్రాసు ప్రభుత్వం దానికి చట్టం కూడా చేసింది. తమ్ముళ్ల బాధ ఎక్కడైనా ఒకటే.

పుస్తకాల పురుగు:
మేష్టారూ, మీరు ప్రతి చర్చలోనూ నీళ్లు చల్లుతారు. 😀 గన్నింగ్ అక్కచెల్లెళ్ల సంగతి చెప్పనా?

మరియా, ఎలిజబెత్. ఐర్లాండులో పెరిగిన పిల్లలు, చేతిలో కాసు లేదు. 1751 ప్రాంతంలో లండన్‌లో అడుగుపెట్టారు. వాళ్లు వీధిలో నడుస్తుంటే జనం మూగేవారట. 1752 ఫిబ్రవరి 14 రాత్రి. తల్లి, అక్క మరియా బెడ్‌ఫర్డ్ హౌస్‌లో విందుకి వెళ్లారు. ఇంట్లో ఎలిజబెత్, ఆమెని చూడ్డానికి వచ్చిన హామిల్టన్ డ్యూకు. పరిచయమై ఎన్నాళ్లో కాలేదు. డ్యూకుగారు ఆగలేక అప్పటికప్పుడు పాదిరీని పిలిపించాడు. ఆయన వచ్చి, లైసెన్సు లేదు, ఉంగరం కూడా లేదు, నేను చెయ్యనన్నాడు. చివరికి మంచం కర్టెన్‌కి ఉన్న రింగు ఊడదీసి, దాంతో అర్ధరాత్రి పన్నెండున్నరకి మేఫెయిర్ చాపెల్‌లో పెళ్లి కానిచ్చారు. ఇది నవల కాదు, ఆ కాలపు రచయిత హొరేస్ వాల్పోల్ అప్పుడే ఉత్తరంలో రాసిన కబురు. మూడు వారాలు తిరక్కుండా మరియా కొవెంట్రీ ఎర్ల్‌ని చేసుకుంది.

కాసు లేని పిల్ల, కర్టెన్ రింగు, డ్యూకు. ఇప్పుడు చెప్పండి.

రిటైర్డ్ మేష్టారు:
ఆ డ్యూకు తాగుబోతు, జూదగాడు అన్నది కూడా చెప్పు తల్లీ.

పుస్తకాల పురుగు:
ఉంటే ఉన్నాడు. ప్రేమ కాదని రుజువా అది? పైగా ఆయన 1758లో పోయాక ఎలిజబెత్‌ని బ్రిడ్జ్‌వాటర్ డ్యూకు చేసుకోవాలనుకున్నాడు, నిశ్చయం దాకా వచ్చి చెడింది. ఆయన మళ్లీ పెళ్లి మాటే ఎత్తలేదు. బొగ్గు గనుల నుంచి మాంచెస్టర్‌కి కాలవ తవ్వించుకుంటూ కూర్చున్నాడు. మనవాళ్లయితే దేవదాసులై కుక్కతో తిరిగేవారు.

లాయరమ్మ:
కాలవ మాట బాగుంది. కానీ ఎలిజబెత్ పెళ్లి జరిగిన మరుసటి ఏడాదే ఏమైందో చూడండి. ఇలాంటి గుట్టు పెళ్లిళ్లు ఎక్కువైపోయాయని, ఆస్తి ఉన్న పిల్లల్ని ఎవడో ఎత్తుకుపోతున్నాడని పెద్దింటివాళ్లు గోల పెడితే 1753లో హార్డ్‌విక్ చట్టం వచ్చింది. 1754 మార్చి నుంచి అమలు. చర్చిలో మూడు ఆదివారాలు చాటింపు వెయ్యాలి, లేదా లైసెన్సు తీసుకోవాలి. ఇరవై ఒకటి నిండకపోతే లైసెన్సుకి తండ్రి ఒప్పుకోవాలి. అంటే మీ కర్టెన్ రింగు కథ ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే ఆ పెళ్లి చెల్లేది కాదు. నవలలన్నీ జరిగేది ఆ చట్టం తర్వాత అరవై ఏళ్లకి.

ఒక్క సందు మిగిలింది. ఆ చట్టం స్కాట్లండ్‌కి వర్తించదు. అందుకే సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ అనే ఊరికి జంటలు బండ్లు తోలుకుంటూ పారిపోయేవి. ఇవాళ్టి ఆర్యసమాజ్ అనుకోండి, కొంచెం దూరం ఎక్కువ.

ఇంకో మాట. ప్రేమా బేరమా అని మీరంతా కొట్టుకుంటున్నారు, పెళ్లికి ముందు లాయర్లు కూర్చుని రాసే కాగితం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నాకు కథంతా ఆ కాగితంలోనే కనిపిస్తుంది.

రాత్రిచదువు:
ఏ కాగితం? నవలల్లో "లాయర్లు కాగితాలు సిద్ధం చేశారు" అని ఒక్క వాక్యం వస్తుంది, వెంటనే పెళ్లి గౌను వర్ణన.

లాయరమ్మ:
ఆ ఒక్క వాక్యం గురించే చెప్తున్నా. దాన్ని మ్యారేజ్ సెటిల్‌మెంట్ అంటారు. అప్పటి ఇంగ్లిష్ చట్టంలో పెళ్లయిన ఆడదానికి విడిగా ఉనికి లేదు. ఆమె నగదు, నగలు, సామాను భర్త సొంతం. ఆమె పేరున భూమి ఉంటే దాని ఆదాయం ఆయన చేతికి. మనకి కనీసం శాస్త్రంలో స్త్రీధనం అనే మాటైనా ఉంది. వాళ్లకి 1870లో, తర్వాత 1882లో చట్టాలు వచ్చేదాకా మామూలు ఇంటి ఆడవాళ్లకి దిక్కు లేదు.

కానీ డబ్బున్న తండ్రులు ముందే జాగ్రత్తపడేవారు. పిల్లకి ఇచ్చే కట్నం ఎంత, భర్త పోతే ఆమెకి బతికినన్నాళ్లూ ఏటా ముట్టేది ఎంత, దాన్ని జాయించర్ అంటారు, చేతిఖర్చుకి పిన్ మనీ ఎంత, రెండో కొడుకులకీ కూతుళ్లకీ ఎంత, అన్నీ పుట్టబోయే పిల్లలతో సహా పెళ్లికి ముందే రాసేవారు. పదివేల పౌండ్ల కట్నం తెస్తే ఏడాదికి వెయ్యి పౌండ్ల జాయించర్ అన్నది అప్పటి వాడుక లెక్క. ఆమె ఆస్తి భర్త చేతిలో పడకుండా ట్రస్టీల పేరున పెట్టేవారు.

మన దగ్గర కట్నం నేరం కాబట్టి కాగితం మీద ఉండదు. నోటిమాట, పెద్దమనిషి సాక్ష్యం, పీటల మీద అలక. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఇచ్చింది రుజువు చెయ్యడానికే సగం జీవితం అయిపోతుంది. అక్కడ బేరం సిగ్గు లేకుండా సిరాతో రాశారు, అందుకే ఆ విధవరాళ్లు కోర్టులో గెలిచారు. ఏది నయమో మీరే చెప్పండి. (ఎల్‌ఐసీ ఏజెంట్లు భార్యాపిల్లల పేరున ఎం.డబ్ల్యు.పీ. పాలసీ అని చెప్తుంటారు కదా, అది 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద వచ్చింది. ఆ ట్రస్టు ఆలోచనకి మన దేశపు చుట్టం.)

డల్లాస్ నుంచి:
నాకు ఈ కాగితాలు అర్థం కావు కానీ డాన్సుల సంగతి కొంచెం తెలుసు. లండన్‌లో కింగ్ స్ట్రీట్ మీద ఆల్మాక్స్ అనే డాన్సు హాలు 1765లో తెరిచారు. సీజన్‌లో ప్రతి బుధవారం రాత్రి డాన్సు. సీజన్ అంటే ఏమీ కాదు, పార్లమెంటు నడిచే రోజులు. జిల్లాలన్నిట్లో చెదిరి ఉన్న భూస్వాములు సభకి వస్తారు, వెనకాల పెళ్లాలు, కూతుళ్లు. సంబంధాలు వెతకడానికి అంతకంటే ఏం కావాలి?

ఆల్మాక్స్‌లో ఎవరు అడుగుపెట్టాలో తేల్చేది ఆరేడుగురు ఆడవాళ్లు. డ్యూక్ అయినా సరే, వాళ్ల చీటీ ఉండాలి. సీజన్ మొత్తానికి చందా పది గినీలు (గినీ అంటే అప్పటి బంగారు నాణెం). లోపల పెట్టేది పల్చటి బ్రెడ్డు ముక్కలు, వెన్న, నిమ్మరసం, టీ. మన పెళ్లిచూపుల్లో ఉప్మాతోపాటు మైసూర్‌పాక్ అయినా పెడతారు. రాత్రి పదకొండుకి తలుపు మూస్తే మూసినట్టే. 1814లో రాజుగారి గార్డ్స్ దళం ఆఫీసర్లు మూడొందల మందిలో అరడజను మందికి మించి చీటీ దొరకలేదని గ్రోనో అనే ఆఫీసరు రాసుకున్నాడు.

ఆ ఆడవాళ్లలో పెద్ద నోరు లేడీ జెర్సీది. ఇప్పుడు వినండి. ఆవిడ అమ్మ శారా చైల్డ్, పెద్ద బ్యాంకరు ఏకైక కూతురు. 1782లో వెస్ట్‌మోర్లండ్ ఎర్ల్‌తో గ్రెట్నాకి పారిపోయింది. తండ్రి బండి కట్టించుకుని వెంటపడ్డాడు. దారిలో తండ్రి బండి గుర్రాన్ని కాల్చేస్తే వెంటపడటం ఆగిపోయింది. ఆ తండ్రి అదే ఏడు చనిపోయాడు, అల్లుడి వారసుడికి పైసా చెందకూడదని ఆస్తి మనవరాలికి వెళ్లేలా వీలునామా రాశాడు. ఆ మనవరాలే లేడీ జెర్సీ. పారిపోయి పెళ్లి చేసుకున్నవాళ్ల కూతురు పెద్దయ్యాక పెళ్లిసంత గుమ్మం దగ్గర కూర్చుని నువ్వు రా, నువ్వు పో అంది.

పుస్తకాల పురుగు:
ఇది తెలీదు నాకు!! ఇంత కథ ఉంటే ఎవరూ నవల రాయరేం?

కోఠీ పాత విద్యార్థిని:
ఇంగ్లండ్ దాకా ఎందుకు, నేను డిగ్రీ చదివిన కోఠీ ఉమెన్స్ కాలేజీ బిల్డింగు చూడండి. అది బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి ఉండే ఇల్లు. కట్టించిన ప్రతినిధి కిర్క్‌పాట్రిక్, హైదరాబాద్ కొలువులోని పెద్దింటి అమ్మాయి ఖైరున్నిసాని ముస్లిం పద్ధతిలో నికా చేసుకున్నాడు. ఆమెకి అప్పటికే వేరే నవాబుతో నిశ్చయమై ఉంది. కంపెనీ వాళ్లు విచారణ పెట్టారు, ఉద్యోగం పోయేంత పనైంది. ఆమె పరదా దాటి బయటికి వచ్చి ఇల్లు చూడలేదు కాబట్టి ఆమె తోటలో రెసిడెన్సీ చిన్న నమూనా కట్టించాడని చెప్తారు. మేం క్లాసు ఎగ్గొట్టి ఆ వెనక తిరిగేవాళ్లం.

ప్రేమ పెళ్లే, కాదనను. కానీ 1805లో పిల్లలిద్దర్నీ చదువుకని ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు, పేర్లు మార్చారు. అదే ఏడు ఆయన కలకత్తాలో పోయాడు. తల్లి ఆ పిల్లల్ని మళ్లీ చూడలేదు. లాయరమ్మగారూ, ఆమె తరఫున ట్రస్టీలు ఉన్నారా?

లాయరమ్మ:
ఆ ప్రశ్నే అందరూ అడగాలి.

రిటైర్డ్ మేష్టారు:
సరే, నేను కొంచెం తగ్గుతాను. ప్రేమ లేదని కాదు నా వాదన. అమ్మాయికి ఉన్నది కాదనే హక్కు ఒక్కటే. అడిగే హక్కు లేదు. ఆమె ముందుకు ఎవరు రావాలో తల్లి, ఆల్మాక్స్, చట్టం తేల్చాయి. ఆ కంచె లోపల ఎవరిని ప్రేమించినా ఎవరికీ అభ్యంతరం లేదు. మన దగ్గర ఇప్పుడు "మా అమ్మాయికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చాం, ఈ మూడు సంబంధాల్లో ఏది నచ్చినా చేస్తాం" అంటారు చూడండి, అలా.

పుస్తకాల పురుగు:
అయితే కంచె లోపల సొంతంగా ఎంచుకున్నది కూడా బేరమేనా? అన్నాబెల్లా మిల్‌బాంక్ కవి బైరన్ని 1812లో వద్దంది. ఎవరూ బలవంతపెట్టలేదు. రెండేళ్లకి మళ్లీ అడిగితే తనే ఒప్పుకుంది.

రిటైర్డ్ మేష్టారు:
1815 జనవరి 2న పెళ్లి, 1816 జనవరిలో నెల పాపతో పుట్టింటికి. సొంతంగా ఎంచుకుంటే సుఖపడతారని నవల చెప్తుంది, ఈమె బతుకు చెప్పలేదు.

డల్లాస్ నుంచి:
మేష్టారూ, అమ్మ ఎంచితే ఇంకా ఘోరం. మా అమెరికా పిల్ల కాన్సుయెలో వాండర్‌బిల్ట్‌ని చూడండి. కాలం తర్వాతదే, 1895. ఇంకొకర్ని ప్రేమించింది. తల్లి గదిలో పెట్టి తాళం వేసింది, గుండెపోటు నాటకం ఆడింది, మాల్‌బరో డ్యూకుకి ఇచ్చి చేసింది. కట్నం ఇరవై ఐదు లక్షల డాలర్ల రైల్వే షేర్లు. పెళ్లిరోజు పొద్దున ఒంటరిగా ఏడుస్తూ గడిపానని ఆమే రాసుకుంది. 1926లో ఆ పెళ్లి రద్దు చెయ్యమని చర్చికి వెళ్తే, నేనే బలవంతం చేశాను అని తల్లి స్వయంగా సాక్ష్యం చెప్పింది.

రాత్రిచదువు:
ఈ చివరిది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా ఇంట్లో కూడా మా పిన్నికి ఇలాగే జరిగింది, సాక్ష్యం చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు.

నవలలు మానను. కానీ ఇకపై ఆ లాయర్ల వాక్యం వచ్చినప్పుడు ఆగుతాను. డ్యూకు మోకాళ్ల మీద కూర్చుని కళ్లలోకి చూస్తున్నప్పుడు, జాయించర్ ఎంత రాశావురా అని అడగాలనిపిస్తోంది.

అన్నట్టు కర్టెన్ రింగు కథ అత్తగారికి చదివి వినిపించాను. డ్యూకు, మేఫెయిర్, అర్ధరాత్రి ఏదీ పట్టించుకోలేదు. "ఆ రింగు తర్వాత మళ్లీ కర్టెన్‌కి తగిలించారా?" అని అడిగారు.

లాయరమ్మ:
కర్టెన్ ఎవరిదైనా సరే, ఆమె వేలికి ఎక్కాక ఆ రింగు చట్టప్రకారం డ్యూకుదే అని చెప్పండి అత్తగారికి.