జుట్టుకి రంగు మానేశాను, లిప్‌స్టిక్ మొదలుపెట్టాను. అమ్మాయి పెళ్ళికి ఏం చేయమంటారు?

అడిగినవారు: బయాలజీ టీచర్, గుంటూరు జిల్లా

నాకు 49 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. వైశాఖంలో మా అమ్మాయి పెళ్ళి. రెండు వారాలుగా మా ఇంట్లో నా జుట్టు గురించే మాటలు. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

36వ ఏట నుంచి రంగు వేసుకునేదాన్ని. ప్రతి మూడో ఆదివారం పాత నైటీ కట్టుకుని, చెవులకీ నుదుటికీ కొబ్బరినూనె రాసుకుని, ప్లాస్టిక్ గిన్నెలో పొడి కలిపి, పాత టూత్‌బ్రష్‌తో పాపిట దగ్గర నుంచి మొదలుపెట్టేదాన్ని. పదేళ్ళకి పైగా ఏమీ కాలేదు. రెండేళ్ళ క్రితం దసరా సెలవుల్లో అదే పొడి, అదే పద్ధతి. రాత్రికి చెవుల వెనక దురద మొదలైంది. మర్నాడు నుదురు బిగుసుకుపోయింది. మూడో రోజు పొద్దున లేచేసరికి కళ్ళు తెరుచుకోలేదు. రెప్పలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మా వారు చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించారు. మెడ మీద నీటి పొక్కులు చూసి స్కిన్ డాక్టర్ అడిగిన మొదటి మాట, "తలకి ఏం వేసుకున్నారు?"

పారాఫెనిలీన్ డయామిన్. పీపీడీ అంటారు. నల్ల రంగు ఇచ్చే పర్మనెంట్ డైలలో చాలావాటిలో ఉండేది ఇదే. ఇన్నేళ్ళూ పడింది ఇప్పుడెందుకు పడలేదని అడిగాను. అడిగాక నాకే తట్టింది, నేను ఏటా పిల్లలకి చెప్పే పాఠమే కదా అది. శరీరం ఒక పదార్థాన్ని శత్రువని ఒకసారి గుర్తుపెట్టుకుంటే ఇక మరచిపోదు. మళ్ళీ తగిలితే ఇంకా ఎక్కువగా రావచ్చు, గొంతు వాచి ఊపిరి ఆడకపోతే ప్రాణం మీదికే వస్తుంది అన్నారు డాక్టర్. ఆ రోజుతో రంగు మానేశాను.

జుట్టు నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. ఏడాదిన్నర పాటు రెండు రంగుల జడతో బడికి వెళ్ళాను. భుజాల దాకా కత్తిరించి, మళ్ళీ పెంచుకున్నాను. ఇప్పుడు ముందువైపు పూర్తిగా తెలుపు, వెనక బూడిద రంగు. మొదటి ఆరు నెలలూ అద్దం చూడబుద్ధి కాలేదు. తర్వాత అలవాటైంది. ఇప్పుడు నిజంగా నచ్చుతోంది. తలంటుకుని ఆరబెట్టుకుంటుంటే ఎండలో మెరుస్తుంది.

లిప్‌స్టిక్ సంగతి వేరే. మా అమ్మ కాలంలో అది నాటకాల వాళ్ళు వేసుకునేది, సంసారులు కాదు. పెళ్ళిలో కూడా నాకు వేయనివ్వలేదు. కిందటేడు అరండల్‌పేటలో అమ్మాయికి ఏదో కొంటుంటే షాపులో పిల్ల నా మణికట్టు మీద ఒక గీత గీసి చూపించింది. ఇటుక రంగు. నా చామనఛాయకి అది ఎంత కుదిరిందంటే, అమ్మాయి కంటే ముందు నేనే బిల్లు కట్టాను. ఇప్పుడు పొద్దున 7:50 బస్సు ఎక్కే ముందు కింది పెదవికి రెండు సార్లు, పై పెదవికి ఒకసారి రాసి, రుమాలుతో ఒత్తి తీసేస్తాను. అర నిమిషం పని. పాఠం చెప్పేటప్పుడు 40 మంది పిల్లలు చూసేది నా నోటినే. ఆ ఒక్క గీతతో నాకు గొంతు కూడా గట్టిగా వస్తున్నట్టు ఉంటుంది.

ఇదీ గొడవ. "జుట్టు ముగ్గుబుట్టలా వదిలేసి పెదాలకి రంగేంటి వదినా, అది మానేసి ఇది చేయాలి గాని" అంటుంది మా ఆడపడుచు. అత్తయ్య పైకి అనరు గాని, ఎవరైనా వస్తే నన్ను కొంగు తలమీదికి లాక్కోమంటారు. వాళ్ళ మాటలు తట్టుకోగలను. మొన్న మా అమ్మాయే వచ్చి, "అమ్మా, ఒక్క పూటకి నల్లగా చేయించుకోవా, ఫొటోల కోసం" అంది. అది మాత్రం గుండెలో దిగింది.

పీపీడీ లేకుండా ఒక్క రోజుకి నల్లగా చేసే దారి ఏదైనా ఉందా? ఉన్నా నాకు ఇష్టం లేదు, అది కూడా దాచకుండా చెబుతున్నాను. దాని మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి?

మల్లెతీగ, కరీంనగర్

టీచర్ గారూ, నేను 11 ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళకి మేకప్ వేస్తున్నాను. ముందు మీరు అడగనిది చెబుతాను, ఎందుకంటే అదే అన్నిటికన్నా ముఖ్యం. పెళ్ళంటే మెహెందీ ఉంటుంది. మీ చేతికి ఎవరినీ నల్ల కోన్ పెట్టనివ్వకండి. గోరింటాకు సహజంగా నల్లగా పండదు. తీసిన వెంటనే నారింజ రంగులో ఉండి, మర్నాటికి ఎర్రబడి, మంచిగా పండితే ముదురు మెరూన్ అవుతుంది. పావుగంటలో కాటుకలా నల్లగా వచ్చే కోన్లలో చాలాసార్లు కలిపేది మీ తలకి పడని ఆ పీపీడీనే. "బ్లాక్ హెన్నా" అని తలకి అమ్మే పొడులు కూడా అంతే. పాకెట్ మీద ఆకు బొమ్మ చూసి నమ్మకండి, వెనక చిన్న అక్షరాలు చదవండి.

పీపీడీ లేని దారి ఉంది. ముందు గోరింటాకు పెట్టి కడిగేసి, దాని మీద నీలిమొక్క ఆకు పొడి పెడతారు. రెండూ కలిసి నలుపు వైపు వస్తాయి. కానీ తెల్లజుట్టు మీద ఒక్కోసారి పచ్చని ఛాయ తేలుతుంది, పైగా అది ఒక్క పూటలో పోయేది కాదు. పైపైన పూసే స్ప్రేలు తలస్నానంతో పోతాయి గాని, చెమటకి మెడ మీదకి, జాకెట్టు మీదకి కారతాయి. అందులోనూ మీది వైశాఖం పెళ్ళి. మీ డాక్టర్ ప్యాచ్ టెస్ట్ చేసి సరే అనకుండా మీ తలకి నేనైతే ఏదీ పెట్టను. ఎంత డబ్బిచ్చినా పెట్టను.

ఇక ముఖం సంగతి. పెళ్ళికూతురి అమ్మ కుర్చీలో కూర్చోగానే చాలామంది ఆర్టిస్టులు అడగకుండానే రెండు షేడ్లు తెలుపు ఎక్కిస్తారు. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, చేతులు ఇంకో రంగు. మీరు ముందే చెప్పండి: "నా మెడ రంగుకి కలపండి, దవడ దగ్గర పెట్టి పగటి వెలుతురులో చూపించండి." పౌడర్ తక్కువ వేయమనండి. 45 దాటాక కళ్ళకింద పౌడర్ గీతల్లోకి దిగి, లేని ముడతలు కూడా చూపిస్తుంది. కొన్ని పౌడర్లు ఫ్లాష్ పడితే ఫొటోలో సున్నం పూసినట్టు వస్తాయి. అందుకని ట్రయల్ రోజు ఫోన్‌లో ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీసి చూసుకోండి. ఒక్క మాట. తెల్లజుట్టుకి మీ ఇటుక రంగు చాలా అందంగా కుదురుతుంది. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు చాలామంది భయపడి పెదవి రంగులో కలిసిపోయే షేడ్ అడుగుతారు. తెల్లజుట్టు పక్కన అది పెట్టేసరికి ముఖం మొత్తం వెలిసిపోయినట్టు ఉంటుంది.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాకా సినిమా సంఘాలు ఆడవాళ్ళకి మేకప్ ఆర్టిస్టు కార్డు ఇచ్చేవి కావు. జుట్టు దువ్వే పని మాత్రమే ఆడవాళ్ళది, ముఖానికి రంగు వేసే పని మగవాళ్ళది. చారు ఖురానా అనే ఆవిడ కోర్టుకి వెళ్ళి గెలిచింది. నేను ఈ పనిలోకి వచ్చింది ఆ తర్వాతే. మన ముఖం మీద ఏం ఉండాలో, అది ఎవరు వేయాలో కూడా వేరేవాళ్ళే తేల్చిన రోజులు మరీ పాతవి కావు అని గుర్తొస్తుంటుంది.

నిజాంపేట రోడ్డు, హైదరాబాద్

నేను రెండో వైపు నుంచి రాస్తున్నాను. నాకు 44. ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్. ప్రతి 20 రోజులకి రంగు వేసుకుంటాను, వేసుకుంటూనే ఉంటాను. కిందటిసారి ఉద్యోగం పోయినప్పుడు మూడు నెలల్లో ఏడు ఇంటర్వ్యూలకి వెళ్ళాను. అందులో రెండు చోట్ల నా పని గురించి అడగకముందే "మా టీమ్ అంతా యంగ్ అండీ" అన్నారు. రెండు చోట్లా నేను రంగు వేసుకోకుండా వెళ్ళాను. కారణం అదేనని రుజువు చేయలేను గాని, మళ్ళీ అలా వెళ్ళే ధైర్యం నాకు లేదు. ఇంటి ఈఎంఐ ఉంది, బాబు ఇంటర్ చదువుతున్నాడు.

మీకు జీతం ప్రభుత్వం ఇస్తుంది, జుట్టు చూసి ఇవ్వదు. అది మీ అదృష్టం టీచర్ గారూ, దాన్ని హాయిగా వాడుకోండి. కానీ రంగు వేసుకునే ఆడవాళ్ళని చూసి "వయసు దాచుకుంటున్నారు" అని జాలిపడేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, మీరు ఆ మాట అనలేదు, అందుకే మీకు రాయాలనిపించింది. నేను ప్రతిసారీ చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు చూసుకుంటాను. పాకెట్ మీద రాసి ఉంటుంది, ఎవరూ చేయరు. మీ కథ చదివాక ఇక ఒక్కసారి కూడా మానను.

ఇంకొకటి. మీ అమ్మాయి ఎందుకు అడిగిందో మీరు తనని అడిగారా? ఉత్తరం మొత్తం రెండుసార్లు చదివాను, అది మాత్రం కనబడలేదు.

సముద్రం ఒడ్డు, విశాఖపట్నం

అమ్మా, నేను మీకంటే పెద్దదాన్ని, 61. మా ఆయన 2019లో పోయారు. పదో రోజున బొట్టు, గాజులు తీసే తంతు వద్దని మా అబ్బాయి అడ్డం పడ్డాడు. అయినా ఏడాది పాటు నేనే పెట్టుకోలేదు. ఖాళీ నుదురు చూసుకుంటే ఇంకెవరినో చూస్తున్నట్టు ఉండేది. ఆరేళ్ళ వయసు నుంచి ఉన్న బొట్టు అది, పెళ్ళితో వచ్చింది కాదు. ఒకరోజు పొద్దున చిన్న నల్ల స్టిక్కర్ పెట్టుకుని పాలకి వెళ్ళాను. పాలబ్బాయి "బాగున్నారా అమ్మా" అన్నాడు. అంతే.

కొన్ని నెలలకి సరిగ్గా స్టిక్కర్ ఉండే చోట కందిగింజంత తెల్ల మచ్చ వచ్చింది. మా తోడికోడలు అన్న మాట ఇక్కడ రాయను. పెట్టుకోకూడనిది పెట్టుకున్నందుకు అని దాని అర్థం. వారం రోజులు నిద్రపోలేదు. స్కిన్ డాక్టరమ్మ చూసి, "ఇది జిగురు వల్ల వచ్చింది, ముత్తైదువలకీ వస్తుంది, చిన్నపిల్లలకీ వస్తుంది" అంది. స్టిక్కర్ జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం ఉంటుందట, అది చర్మానికి రంగునిచ్చే కణాలని చంపేస్తుందట. స్టిక్కర్ మానేశాను, బొట్టు మానలేదు. ఇప్పుడు ఐబ్రో పెన్సిల్‌తో ఆ మచ్చకి కాస్త కింద చుక్క పెట్టుకుంటాను. మచ్చ అలాగే ఉంది.

మీ జుట్టుకి వచ్చిన జబ్బు మీకు ఒక సాకు ఇచ్చింది, డాక్టర్ వద్దన్నారని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అలా చెప్పకండి. రేపు ఎవరో పడే రంగు ఒకటి పట్టుకొస్తే అప్పుడేం చెబుతారు? నాకు ఇష్టం లేదు అనే మాట ముందే చెప్పేయండి.

బయాలజీ టీచర్, గుంటూరు జిల్లా

అందరికీ నమస్కారం. నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను.

నిజాంపేట రోడ్డు గారూ, నేను అడగలేదు. మీరన్నాక రాత్రి జాకెట్లు మడత పెడుతూ అడిగాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. మాఘంలో నిశ్చితార్థం రోజున పెళ్ళికొడుకు తరఫు పెద్దావిడ ఎవరో నన్ను చూపించి, "అమ్మమ్మ గారా?" అని దాన్ని అడిగిందట. అది నాకు తెలియదనుకుని మూడు నెలలుగా లోపల దాచుకుంది. పెళ్ళిలో మళ్ళీ ఎవరైనా నా ముందే అంటే నేను తట్టుకోలేనని దాని భయం.

ఆవిడ నన్నూ అడిగింది ఆ రోజు. "కాదండీ, అమ్మని" అన్నాను. "అవునా" అని పక్కకి జరిగి నాకు చోటిచ్చింది, ఇద్దరం కలిసి భోజనం చేశాం. అదే చెప్పాను. అమ్మాయి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. సముద్రం ఒడ్డు అమ్మగారు చెప్పినట్టే డాక్టర్ పేరు ఎత్తలేదు. "నాకు ఇలాగే ఇష్టం రా, నీ పెళ్ళిలో నేను నాలాగే నిలబడాలి" అన్నాను. "సరే అయితే, జడ మాత్రం నేనే వేస్తాను" అంది.

మర్నాడు సాయంత్రం వేసి చూసింది. ముందు మల్లెలు పెట్టింది. తెల్లజుట్టు మీద మల్లెలు అసలు కనబడలేదు. తీసేసి, పక్కింటి పెరట్లోంచి కనకాంబరాలు తెచ్చి రెండు వరసలు చుట్టింది. ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది. బూడిద రంగు జుట్టులో ఆ నారింజ రంగు అంతగా వెలుగుతుందని నాకు తెలియదు. నల్లజుట్టు ఉన్న రోజుల్లో కనకాంబరాలకి వాసన ఉండదని పెట్టుకునేదాన్నే కాదు.

మల్లెతీగ గారూ, కోన్ మాట చెప్పి ఎంత మేలు చేశారో. మెహెందీ అమ్మాయికి ఫోన్ చేస్తే నల్లదే తెస్తానంది. వద్దన్నాం. మా బడి ప్రహరీ పక్కన గోరింటాకు చెట్టు ఉంది, ఆకు కోసి రోట్లో రుబ్బి ఇంటిల్లిపాదీ అదే పెట్టుకుంటాం. నాది ముదురాకుపచ్చ ధర్మవరం చీర, మామిడిపండు రంగు అంచు. పెదాలకి ఇటుక రంగే ఉంచనా, కాస్త మెరూన్ వైపు వెళ్ళనా?

మల్లెతీగ, కరీంనగర్

ఇటుక రంగే ఉంచండి టీచర్ గారూ. కనకాంబరాలు, మామిడిపండు అంచు, ఇటుక రంగు మూడూ ఒకే కుటుంబం. మెరూన్ పెడితే ఆకుపచ్చ పక్కన నల్లగా పోతుంది. ట్రయల్‌కి చీర కొంగు, నాలుగు కనకాంబరాలు తీసుకుని వెళ్ళండి. భోజనాలయ్యాక మళ్ళీ రాసుకోవాలి కాబట్టి లిప్‌స్టిక్, రుమాలు ఎవరో ఒకరి చేతి సంచిలో ఉంచండి. పెళ్ళికూతురి అమ్మకి ఆ రోజు తన సంచి తనకి దొరకదు.