నిద్రలో ఉలిక్కిపడి లేచినప్పుడు వచ్చే ప్రాణభయాన్ని తట్టుకోవడం ఎలా?

ప్రశ్న:
మూడు నెలలుగా వారానికి రెండు మూడు సార్లు, నిద్రపట్టిన గంటన్నరకో రెండు గంటలకో ఉలిక్కిపడి లేస్తున్నాను. పీడకల వచ్చిన గుర్తేమీ ఉండదు. గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, వేళ్ల చివరలు తిమ్మిరెక్కుతాయి, ఆ క్షణంలోనే ప్రాణం పోతుందనిపిస్తుంది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలు చేయించుకున్నాను. అన్నీ సవ్యంగానే ఉన్నాయని, ఇది పానిక్ ఎటాక్ అని వైద్యులు చెప్పారు. ఆ మాటతో కొంత ధైర్యం వచ్చినా, ఇప్పుడు పడక చూస్తేనే గుబులు పుడుతోంది. మెలకువ వచ్చిన ఆ పది పదిహేను నిమిషాలను ఎలా గట్టెక్కాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
దాదాపు రెండేళ్లు నేనూ ఇదే బాధ పడ్డాను కనుక, ఆ భయం ఎంత నిజమనిపిస్తుందో నాకు తెలుసు. నేను చేసిన పెద్ద పొరపాటు నాడి చూసుకోవడం. మెలకువ రాగానే చీకట్లోనే ఎడమ మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి లెక్కపెట్టేవాడిని. వేగంగా కొట్టుకుంటోందని తేలగానే భయం పెరిగేది, భయం పెరిగేకొద్దీ గుండె మరింత వేగం అందుకునేది. శరీరంలో కలిగే మామూలు మార్పును ప్రాణాపాయంగా పొరబడటం వల్లే ఈ సుడి తిరుగుతుందని మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లోనే వివరించారని నా కౌన్సెలర్ చెప్పినప్పుడు, నా రాత్రులన్నీ కళ్లముందు మెదిలాయి.

ఆ తరువాత నాడి చూడటం మానేసి, లేచి కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనించి, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలడం అలవాటు చేసుకున్నాను. గట్టిగా, గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మీరు చెప్పిన తిమ్మిరి, కళ్లు తిరగడం దానివల్లనే ఎక్కువవుతాయి. భయాన్ని వెంటనే ఆపాలని పెనుగులాడకండి. సాధారణంగా అది పది నిమిషాల్లోపే పతాకస్థాయికి చేరి, ఆపైన దానంతటదే దిగుతుంది. అప్పటికీ నిద్ర రాకపోతే పడక మీద దొర్లకుండా, మసక వెలుతురున్న మరో గదిలో కూర్చుని, కళ్లు మూతపడుతున్నప్పుడే తిరిగి పడుకునేవాడిని.

రెండో సమాధానం:
నేను మానసిక చికిత్స రంగంలో పనిచేస్తున్నాను. పీడకలలు ఎక్కువగా తెల్లవారుజాము వైపు, కలల నిద్రలో వస్తాయి. రాత్రి పానిక్ మాత్రం తరచుగా తొలి గంటల్లో, తేలిక నిద్ర గాఢనిద్రలోకి మారే వేళ వస్తుంది. మీకు కల గుర్తుండకపోవడానికి కారణం అదే కావచ్చు. అయితే గురక, నిద్రలో ఊపిరి ఆగడం, పగలు కునికిపాట్లు ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు) ఉందేమో తప్పక చూపించుకోవాలి, ఎందుకంటే అదీ ఇలాగే ఉక్కిరిబిక్కిరిగా నిద్రలేపుతుంది. పరీక్షలు బాగున్నా, ఎన్నడూ లేని ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా పానిక్ అనుకుని ఊరుకోవద్దు.

రాత్రి పానిక్‌కు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) బాగా పనిచేస్తుంది. అందులో చికిత్సకుల సమక్షంలో కావాలనే గుండెదడ, ఆయాసం తెప్పించి, వాటికి భయపడనవసరం లేదని శరీరానికి అలవాటు చేయిస్తారు. వైద్యులు ఆందోళనను తగ్గించే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపవద్దు. నిద్రకోసం మద్యం తీసుకుంటే నడిరాత్రి మెలకువలు ఇంకా పెరుగుతాయి.

మూడో సమాధానం:
నా భార్యకు ఈ సమస్య ఉండేది. "ఏమీ లేదులే, పడుకో" అన్న నా మాట ఆమెను మరింత ఒంటరిని చేసిందని ఆలస్యంగా తెలుసుకున్నాను. పక్కన కూర్చుని, ప్రశ్నలు వేయకుండా, "ఇది దిగిపోతుంది, నేనిక్కడే ఉన్నాను" అనడమే ఆమెకు ఉపకరించింది. ఆ సమయంలో ఏం చేస్తే ఇష్టమో, ఏది వద్దో మీ ఇంట్లోవారికి పగటిపూటే చెప్పి ఉంచండి.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. గురక సంగతి ఇంట్లో అడిగితే, ఉందనే చెప్పారు, వైద్యులకు చెబుతాను. నాడి చూసుకునే అలవాటు నాకూ ఉంది, నేను చేతి స్మార్ట్‌వాచ్‌లో చూసుకుంటాను. ఈ రాత్రి నుంచి దాన్ని పక్కగదిలో పెడుతున్నాను.