అప్‌డేట్: ఫిషర్ ఆపరేషన్ లోకల్ మత్తుతోనే అయిపోయింది

ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) ఆపరేషన్‌కి వెన్నులో మత్తు సూది తప్పదా, ఆ చోటు వరకే ఇచ్చే లోకల్ మత్తు చాలదా అని పోయిన నెల ఇక్కడే అడిగాను. ఇంకో డాక్టరుకి చూపించమన్నవాళ్ళకి థ్యాంక్స్, పనిచేసిన సలహా అదే. కర్నూలులోనే రెండో సర్జన్ చూసి, నాది చిన్న పనే, లోకల్ చాలన్నారు.

ఇంజెక్షన్ సంగతి ఉన్నదున్నట్టు చెప్తా. మలద్వారం చుట్టూ నాలుగైదు చోట్ల లిగ్నోకైన్, బుపివకైన్ అనే మత్తు మందులు కలిపి ఇచ్చారు. మొదటి రెండు పోట్లకి మంట నషాళానికి అంటింది. మెల్లగా ఎక్కిస్తే మంట తక్కువట, నేను బిగుసుకున్నప్పుడల్లా ఆయన ఆగారు. కాసేపటికి మొద్దుబారింది. లాగుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి లేదు. కాళ్ళు మామూలుగానే ఆడాయి, మూత్రానికీ ఇబ్బంది రాలేదు. సాయంత్రానికి నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర మా ఇంట్లో ఉన్నా.

అసలు నొప్పి రాత్రికి మొదలైంది. మత్తు దిగకముందే మాత్ర వేసుకోమన్నారు, నేనే బద్ధకించా. గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చుంటే హాయిగా ఉంది.

నడుంనొప్పి వస్తుందేమోనని పడ్డ టెన్షనంతా వృథా, వెన్ను జోలికే పోలేదు. ఫిస్టులా (మలద్వారం పక్కన గొట్టంలా పడే దారి) లోతుగా ఉన్నవాళ్ళకి మాత్రం లోకల్ చాలకపోవచ్చని డాక్టరే చెప్పారు. సంకటి మానేయాలా అని అడిగినాయనకి: నేనైతే తింటున్నా, నీళ్ళు బాగా తాగమన్నారంతే.