ఎండాకాలంలో సీఏపీడీ బ్యాగులు ఇంట్లో ఎక్కడ పెడుతున్నారు?

మాది కొత్తగూడెం. అమ్మకు ఇంట్లోనే సీఏపీడీ, అంటే పొట్ట ద్వారా చేసే డయాలసిస్ జరుగుతోంది. డయాలసిస్ ద్రావణం నింపిన రెండు లీటర్ల బ్యాగులు రోజుకు నాలుగు కావాలి. నెల సరుకంతా ఒకేసారి అట్టపెట్టెల్లో దిగుతుంది. పెట్టె మీద 30 డిగ్రీలు దాటనివ్వొద్దని ఉంది. ఇక్కడ మే నెలలో బయటే 45 దాకా పోతుంది, పైగా మాది రేకుల ఇల్లు! ఏసీ ఉన్నది అమ్మ గదిలోనే, అందులో అన్ని పెట్టెలు పట్టవు. ఎక్కువ వేడికి ద్రావణంలోని గ్లూకోజ్ విరిగి, పొట్ట లోపలి పొరకు హాని చేసే పదార్థాలు పెరుగుతాయి. అదే నా టెన్షన్.

ఇంకొకటి, కొన్ని బ్యాగుల పై కవరు లోపల తేమ చుక్కలున్నాయి. స్టెరిలైజ్ చేశాక కాస్త తేమ మిగలడం మామూలే. వాడేముందు కవరు తీసి, బ్యాగును గట్టిగా నొక్కి చూస్తే ఎక్కడా కారడం లేదు. అయినా ఎంత తేమ వరకు పర్లేదు? కవర్లు ముందే తీసి అల్మారాలో సర్దుకోమని మా బంధువు ఒకాయన సలహా. అది మాత్రం చేయను, కవరు లేకపోతే బ్యాగు పీవీసీ ప్లాస్టిక్ గుండా నీరు మెల్లగా ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది.

రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? కూలర్ గదిలో పెడితే తేమకు అట్టపెట్టెలు మెత్తబడవా? సరుకును నెలకు రెండు విడతలుగా పంపమంటే సప్లయర్లు ఒప్పుకుంటారా?