అప్‌డేట్: థర్మాకోల్ బ్లాకుల గోడలో సగంలో ఆగిన కాంక్రీట్

విశాఖ మధురవాడలో కడుతున్న మా ఇంటికి, బోలుగా ఉండే థర్మాకోల్ బ్లాకులు గోడలా పేర్చి లోపల కాంక్రీట్ పోస్తుంటే వాన పడి నాలుగడుగుల దగ్గర ఆగిపోయిందని, పైన పోస్తే అతుక్కుంటుందా, కూల్చాలా అని అడిగాను కదా. కూల్చలేదు. అందరికీ థాంక్స్, ముఖ్యంగా "ముందు లోపలికి టార్చి వేసి చూడండి" అన్నాయనకి.

చూస్తే పైన మీగడలా బూడిదరంగు పొర. మేకుతో గీకితే పొడిపొడిగా రాలింది. స్ట్రక్చరల్ ఇంజనీరుగారు అసలు సమస్య అదేనన్నారు. జాయింటు (పాత కాంక్రీట్ మీద కొత్తది కలిసే చోటు) దగ్గర బ్లాకుకి చిన్న కన్నం కోయించి, కంకర కనబడేదాకా ఉలితో, వైరు బ్రష్షుతో గీకించి కడిగించారు. పోసేముందు తడిపి, నిలిచిన నీళ్లు తీసేశాం. కోసిన ముక్క తిరిగి పెట్టి, బయట చెక్క బిగించాం.

నిలువు రాడ్లు జాయింటు దాటి పైకి ఉండబట్టి బతికిపోయాం. 12 ఎంఎం రాడ్డుకి ల్యాప్ (కింది రాడ్డు, పై రాడ్డు పక్కపక్కన కలిసి ఉండే పొడవు) రాడ్డు మందానికి 50 రెట్లు, అంటే 600 ఎంఎం ఉండాలన్నారు. ఇంటి కిటికీ మూలన మేస్త్రీ పై రాడ్లు రెండింటిని అడుగు మాత్రమే కలిపి కట్టాడు! విప్పించి కిందికి దింపించారు.

పాత, కొత్త కాంక్రీట్‌ని అతికించే ఎపాక్సీ జిగురు అవసరం పడలేదు. నేను తెగ భయపడ్డ, రాడ్ల మీది సముద్రగాలి తుప్పు కూడా పైపైదే, బ్రష్షుకే పోయింది.