రీసెట్ అయింది సరే, నేరం ప్రోగ్రామ్‌దేనా?

పలాస_డ్రయ్యర్:
జీడిపప్పు డ్రయ్యర్ కంట్రోలరు. ఏటీమెగా328పీ చిప్, 16 మెగాహెర్ట్జ్, 5 వోల్టులు, ఆప్టిబూట్ బూట్‌లోడర్ (ప్రోగ్రామ్ కంటే ముందు నడిచే చిన్న కోడ్). బ్లోయర్ కాంటాక్టర్ (మోటారును కలిపే పెద్ద రిలే) పడినప్పుడు అప్పుడప్పుడు రీసెట్. ఎంసీయూఎస్ఆర్‌లో (రీసెట్ కారణం చెప్పే రిజిస్టరు) డబ్ల్యూడీఆర్ఎఫ్ బిట్ 1 అయితే, అంటే వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ పలకకపోతే రీసెట్ చేసే టైమర్) కొడితే, ప్రోగ్రామ్ ఎక్కడో ఇరుక్కున్నట్టే అని నా వాదన. కాదంటే ఎందుకో చెప్పండి.

రాజాం_ఫర్మ్‌వేర్:
మాస్టారూ, ఆ బిట్ ఎక్కడ చదువుతున్నారు? సెటప్‌లో అయితే నమ్మలేం, బూట్‌లోడర్ ముందే తుడిచేసి ఉండొచ్చు. కొత్త ఆప్టిబూట్ పాత విలువను ఆర్2 రిజిస్టరులో వదిలి వెళ్తుంది. దాన్ని ఇనిట్0 సెక్షన్‌లోనే (మెయిన్‌కి ముందు నడిచే ఇనిట్ దశల్లో మొదటిది) నోఇనిట్ వేరియబుల్‌లోకి (ఆ దశలు సున్నా చేయనిది) తీసుకోవాలి. మామూలు గ్లోబల్‌లో పెడితే ఇనిట్4లో సున్నా అయిపోతుంది. ఇంకోటి, ఆప్టిబూట్ అసలు ప్రోగ్రామ్‌కి పోవడానికి తనే వాచ్‌డాగ్ వాడుతుంది. అందుకే ఎక్స్‌టీఆర్ఎఫ్ (బయటి రీసెట్ బిట్) కూడా 1 ఉంటే ఆ వాచ్‌డాగ్ బూట్‌లోడర్‌ది, అసలు రీసెట్ వచ్చింది రీసెట్ పిన్ నుంచి.

బూట్‌లోడర్ లేకుండా ఐఎస్పీతో (ప్రోగ్రామర్‌తో నేరుగా చిప్‌లోకి) ఎక్కిస్తే ఇనిట్3లో చదివి, ఎంసీయూఎస్ఆర్ సున్నా చేసి, ఆ తర్వాతే వాచ్‌డాగ్ ఆపండి. డబ్ల్యూడీఆర్ఎఫ్ ఉన్నంతసేపు వాచ్‌డాగ్ ఆగదు. 16 మిల్లీసెకన్లకోసారి రీసెట్ అవుతూనే ఉంటుంది.

చీపురుపల్లి_పవర్:
చదవడం సరిగానే ఉందనుకుందాం. అయినా వాదన నిలవదండి. బోర్డు మీద బ్రౌన్‌ఔట్ ఫ్యూజ్ (సప్లై ఎంతకు దిగితే రీసెట్ చేయాలో చెప్పే చిప్ సెట్టింగ్) ఎంతుంది? ఆర్డుయినో ఊనోలో వచ్చేది 2.7 వోల్టులు. 16 మెగాహెర్ట్జ్‌కి డేటాషీట్ గ్రాఫు ప్రకారం సుమారు 3.8 వోల్టులు కావాలి. కాంటాక్టర్ పడి సప్లై 3.2కి దిగిందనుకోండి, బ్రౌన్‌ఔట్ పలకదు, సీపీయూ మాత్రం దారి తప్పొచ్చు. చివరికి వాచ్‌డాగ్ కొడుతుంది. బిట్ అబద్ధమాడదు, కానీ చెప్పేది ఎవరు కొట్టారన్నదే.

పలాస_డ్రయ్యర్:
అయితే అంతా కరెంటు మీద తోసేసి కోడ్‌ని వదిలేద్దామా? ఎల్‌సీడీ ఐ2సీ (రెండు తీగల బస్) మీద ఉంది, దాని డేటా తీగ ఎస్‌డీఏ లో లెవెల్‌లోనే ఉండిపోతే ఐ2సీ నడిపే వైర్ లైబ్రరీ అలాగే కూచుంటుంది. దానికేటంటారు?

చీపురుపల్లి_పవర్:
వదలమనలేదు, విడదీయమంటున్నా. ఎక్స్‌టెండెడ్ ఫ్యూజ్ 0xఎఫ్‌డీ నుంచి 0xఎఫ్‌సీకి మార్చండి, 4.3 వోల్టులవుతుంది. ఇక బీఓఆర్ఎఫ్ (బ్రౌన్‌ఔట్ రీసెట్ బిట్) వస్తే తప్పు సప్లైది. ఇంకా డబ్ల్యూడీఆర్ఎఫే వస్తే కాయిల్ మీద 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 స్నబ్బర్ (కాయిల్ నాయిస్‌ని అణిచేది) వేసి చూడండి.

రాజాం_ఫర్మ్‌వేర్:
స్నబ్బర్ కంటే ముందు ప్రోగ్రామ్ ఇరుక్కున్న చోటి చిరునామా పట్టుకోవడం మేలు. వాచ్‌డాగ్ ఇంటరప్ట్ బిట్ డబ్ల్యూడీఐఈ, రీసెట్ బిట్ డబ్ల్యూడీఈ రెండూ పెడితే మొదటి గడువుకి ఇంటరప్ట్, రెండోదానికి రీసెట్. ఇంటరప్ట్‌లో స్టాక్ మీది రిటర్న్ చిరునామాను నోఇనిట్‌లో దాచండి, పక్కనే దాని కాంప్లిమెంట్ (బిట్లు తిరగేసిన విలువ) కూడా. రెండూ పొసగకపోతే ఆ ర్యామ్‌ని నమ్మొద్దు. వర్డ్ చిరునామా కాబట్టి రెండింతలు చేసి యాడర్2లైన్‌కి (చిరునామా ఏ కోడ్ లైనుదో చెప్పే టూల్) ఇవ్వండి. ఈఈప్రామ్‌లో బూట్ అయ్యాకే రాయండి, లక్ష రాతలే దాని ఆయుష్షు.

ప్రతిసారీ టీడబ్ల్యూఐ (ఐ2సీ) లూపే చూపిస్తే మీ మాటే నెగ్గింది, వైర్‌కి టైమ్‌అవుట్ పెట్టండి, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. చిరునామాలు చెల్లాచెదురైతే నాయిస్. ఇంటరప్ట్‌లు ఆపిన చోట ఇరుక్కుంటే మాత్రం ఏమీ దొరకదు, నేరుగా రీసెట్టే. దానికి లూప్‌లో దశ సంఖ్య విడిగా రాసుకోవాల్సిందే.

పలాస_డ్రయ్యర్:
ఫ్యూజ్ మాట ఒప్పుకుంటా. చిరునామా లేకుండా నాయిస్ అని తేల్చడం మాత్రం ఒప్పుకోను.