ఫెయిర్‌ఫాక్స్‌ది నిజాయితీయా, తప్పించుకోవడమా?

పాతరీలు:
రాత్రి ‘టు కిల్ ఎ కింగ్’ (2003) చూశాను. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజు మొదటి చార్లెస్‌ను ఓడించిన సేనాపతి థామస్ ఫెయిర్‌ఫాక్స్, అతని కింద పనిచేసిన ఆలివర్ క్రామ్‌వెల్ గెలిచాక ఎలా విడిపోయారన్నదే కథ. సినిమా మొగ్గు ఫెయిర్‌ఫాక్స్ వైపే. నాకు మింగుడుపడలేదు. రాజును చంపడం తప్పనుకుంటే ఆపాలి, సైన్యాధిపతి తనే కదా. ఒప్పనుకుంటే మరణశిక్ష వారెంటు మీద సంతకం పెట్టాలి. రెండూ చేయనివాడు హీరో ఎలా అయ్యాడండీ?

గట్టుమీద కాకి:
సైన్యం అప్పటికి పేరుకే అతనిది. 1648 డిసెంబర్ 6న ఆ సైన్యంలోని కల్నల్ ప్రైడ్ పార్లమెంటు గుమ్మంలో నిలబడి, రాజుతో రాజీ కోరిన సభ్యులను లోపలికి రానివ్వలేదు. అది జరిగేదాకా తనకు తెలియదనే ఫెయిర్‌ఫాక్స్ తర్వాత రాసుకున్నాడు. రాజును విచారించడానికి జడ్జీలుగా వేసిన 135 మందిలో అతని పేరుంది. మొదటి సమావేశానికి వెళ్లి, ఇక ఆ వైపు తొంగిచూడలేదు. కోర్టులో పేరు పిలిస్తే, ఇక్కడికి రాకుండా ఉండేంత తెలివి ఆయనకుందని గ్యాలరీలోంచి భార్య ఆన్ అరిచింది. సైనికులు తుపాకులు పట్టుకుని కాపలా ఉన్న హాల్లో!

పాతరీలు:
అరిచింది ఆవిడ. ఆయన ఇంట్లో ఉన్నాడు.

సగం టికెట్:
బలరాముడు గుర్తొచ్చాడు. అటూ ఇటూ కావలసినవాళ్లే అని కురుక్షేత్రం వదిలి తీర్థయాత్రకు పోయాడు. అతన్ని పిరికివాడని ఎవరంటాం?

పాతరీలు:
బలరాముడు చివర్లోనైనా వచ్చి భీముడి మీదికి నాగలెత్తాడు కదండీ.

కోట బురుజు:
మీరిద్దరూ అతన్ని మెత్తటి మనిషి అనుకుంటున్నారు. 1648 ఆగస్టులో పదకొండు వారాల ముట్టడి తర్వాత కోల్చెస్టర్ లొంగిపోయింది. శత్రువుల నాయకులు లూకాస్, లైల్‌లను అదే రోజు సాయంత్రం కాల్పించింది ఈ ఫెయిర్‌ఫాక్సే. రక్తం చూసి వెనక్కి తగ్గేవాడు కాదు. రాజును విచారించే హక్కు ఆ కోర్టుకు ఉందా అన్నదే అతని పేచీ అని నా లెక్క. 1650లో స్కాట్లండ్ మీదికి మనమే ముందు దండెత్తకూడదని పదవి వదిలేశాడు. క్రామ్‌వెల్ స్వయంగా బతిమాలినా వినలేదు.

ఇంకోటి. సినిమాలో ఇద్దరూ ఈడుజోడుగా కనిపిస్తారు. 1645లో నేజ్‌బీ యుద్ధం నాటికి ఫెయిర్‌ఫాక్స్‌కు 33, క్రామ్‌వెల్‌కు 46. పదమూడేళ్ల చిన్నవాడు పై అధికారి! ఆ టెన్షన్‌ను డైరెక్టర్ వాడుకోలేదు, పాపం.

పాతరీలు:
1650 సంగతి ఒప్పుకుంటాను. ఆ రాజీనామా ఏదో 1649 జనవరిలోనే ఇచ్చి ఉంటే? 30న రాజు తల తెగింది, ఇతను జూన్ 1650 దాకా కుర్చీలోనే ఉన్నాడు. 1660లో మళ్లీ ఆ రాజు కొడుకునే పిలుచుకురావడానికి హేగ్ వెళ్లిన బృందానికి పెద్ద ఇతనే. మరుసటి ఏడు క్రామ్‌వెల్ శవాన్ని తవ్వితీసి లండన్‌లో ఉరితీసే చోటైన టైబర్న్‌లో ఉరికంబానికి వేలాడదీశారు. ఇతను 1671 దాకా బతికి మంచం మీద పోయాడు.

గట్టుమీద కాకి:
వారెంటు మీద 59 సంతకాలున్నాయి. అందులో ఇంగోల్డ్స్‌బీ అనేవాడు, క్రామ్‌వెల్ తన చెయ్యి పట్టి బలవంతంగా రాయించాడని చెప్పుకుని శిక్ష నుంచి బయటపడ్డాడు. ఫెయిర్‌ఫాక్స్‌కు అలాంటి కథ అల్లే అవసరం రాలేదుగా.

పాతరీలు:
ఆ ఒక్క మార్కు వేస్తాను. సినిమాకు మాత్రం వేయను.